ఖాళీగా ఉందని తీసేసిన డేటాబేస్

ఖాళీగా పడి ఉన్నదాన్ని చూస్తే ఆవిడ చేతులు ఊరుకోవు. ఇంట్లో అంతే, ఆఫీసులో అంతే. ఎవరూ వాడని గిన్నె అటక మీద కనబడిందా, దానికి ఆ పూటతో నూకలు చెల్లినట్టే. ఎవరూ తెరవని ఫైలు సర్వర్లో కనబడిందా, దాని సంగతి తేల్చేదాకా టీ కూడా ముట్టదు. అందుకే ఆఫీసులో ఆవిడకు చీపురమ్మ అని పేరు పెట్టారు. ఎదురుగా మాత్రం మేడం అంటారు, అది వేరే సంగతి. ఆ పేరు ఆవిడకూ తెలుసు. తెలిసి లోపల్లోపల మురిసిపోతుంది కూడా. శుభ్రంగా ఉంచే మనిషికి చీపురు పేరొస్తే తప్పేముంది?

ఆ ఆఫీసు చేసే పని మాత్రం నవ్వులాట కాదు. కిడ్నీలు పాడైపోయి, ఇంకొకరి కిడ్నీ దొరికితే తప్ప బతుకు లేని మనుషుల వరసను చూసుకునే ఆఫీసది. పెద్దాసుపత్రికి ఎదురుగా, రోడ్డుకు ఇవతల, మందుల కొట్టు పైనున్న అంతస్తు. ఎక్కడైనా ఎవరికైనా తలకు దెబ్బ తగిలి, ఇక లేవరని డాక్టర్లు తేల్చి, ఇంటివాళ్ళు గుండె రాయి చేసుకుని సరేనంటే, కబురు ముందు ఇక్కడికే వస్తుంది. వివరాలు కంప్యూటర్లో ఎక్కిస్తే ఆ కిడ్నీ ఎవరికి సరిపోతుందో, వాళ్ళలో ముందున్నది ఎవరో అదే తేలుస్తుంది. మనిషి చెయ్యి పెట్టకూడదు. పెడితే సిఫార్సులు మొదలవుతాయి, సిఫార్సులు మొదలైతే దిక్కులేనివాడు చస్తాడు. ఆ వివరాలన్నీ ఉండే డేటాబేస్‌కు కాపలా మన చీపురమ్మే.

ఆ వరసలో ఆవిడ సొంత చెల్లెలు కూడా ఉంది.

చెల్లెల్ని ఇంట్లో బుల్లి అంటారు. రోజు మార్చి రోజు డయాలసిస్. మనిషి ఎండి సగమైంది గానీ నోరు మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. "నేను మంచం దిగను, నా రక్తం మాత్రం రోజూ షికారు పోయొస్తుందే అక్కా" అని తనే అని తనే నవ్వేది. చెల్లెలి పేరు వరసలో చేరిన రోజునే చీపురమ్మ పైవాళ్ళకు రాసిచ్చేసింది, ఆ పేరున్న పేజీ నేను తెరవను అని. తెరవలేదు కూడా. తాళాలన్నీ తన చేతిలోనే ఉన్నా ఒక్కసారి తొంగి చూసిన పాపాన పోలేదు. ఆ విషయంలో ఆవిడకు గర్వం. కొంచెం ఎక్కువే గర్వం.

పోయిన నెల బుల్లికి మెడ దగ్గర డయాలసిస్ గొట్టం పెట్టినచోట చీము పట్టి జ్వరం వచ్చింది. జ్వరమున్న ఒంట్లో కొత్త కిడ్నీ పెట్టరు. అందుకని డాక్టరు ఆ పేరును ఆపి ఉంచమని కంప్యూటర్లో ఎక్కించాడు. పేరు వరసలోనే ఉంటుంది, కానీ వంతు వచ్చినా కంప్యూటర్ దాన్ని దాటేసి పక్కవాళ్ళ దగ్గరికి పోతుంది. ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి, ముందుకొచ్చాక ఇలా అయింది. ఆ రోజు మాత్రం బుల్లి జోకులు వెయ్యలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

అదీ ఇంటి సంగతి. ఇక ఆఫీసు సంగతికొస్తే, డేటాబేస్ సర్వర్ బాగా పాతబడింది. తయారుచేసినవాళ్ళే ఇక దాన్ని పట్టించుకోమని చెప్పేశారు. కొత్త వెర్షన్‌కు మార్చాలంటే కాసేపు ఆపాలి. ఆపుతామంటే డైరెక్టరు ఒప్పుకోడు. "మనుషుల ప్రాణాలతో పనమ్మా, ఆపడమేంటి?" అని ప్రతిసారీ కాగితం వెనక్కి పంపేవాడు. చీపురమ్మ ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరగా పోరగా, చివరికి ఒక ఆదివారం ఉదయం మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించమని సంతకం పెట్టాడు. ముందుగా ఆవిడ ఇంకో మిషన్ మీద కొత్తగా సర్వర్ పెట్టి, అసలు డేటాను అందులోకి దించి, మార్పు మొత్తం ఒకసారి చేసి చూసింది. వెన్నలా జరిగిపోయింది. డైరెక్టరుకు చూపించి మరీ శభాష్ అనిపించుకుంది.

సర్వర్ ఆగి ఉన్నప్పుడు కబురొస్తే ఏం చెయ్యాలన్నదానికి ఒక పద్ధతుంది. ముందురోజు సాయంత్రం వరస మొత్తం కాగితం మీద ప్రింటు తీస్తారు. ఇద్దరు పెద్ద డాక్టర్లు సంతకాలు చేస్తారు. కంప్యూటర్ లేచేదాకా ఆ కాగితమే దిక్కు. సంతకాలయ్యాక అందులో అక్షరం మార్చడానికి వీల్లేదు.

ఆదివారం పొద్దున సర్వర్ ఆపబోతుండగా చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, ఒళ్ళంతా శుభ్రమంట! చీము లేదు, జ్వరం లేదు. డాక్టరు నా ఎదురుగానే కంప్యూటర్లో కొట్టాడు. మళ్ళీ వరసలోకొచ్చేశా!"

"ఎప్పుడే?"

"ఇప్పుడే. నువ్వు దాన్ని ఆపేస్తావని చెప్పావుగా, అందుకే ఆయన వెంటపడి తొందరపెట్టా. ఆయన కాఫీ కూడా చల్లారిపోయింది పాపం."

"మంచిపని చేశావు."

"ఏంటా నీరసం? ఎగిరి గంతెయ్యొచ్చుగా."

"ఆఫీసులో ఉన్నానే."

"ఆఫీసులో గంతులెయ్యకూడదని గోడమీద రాసుందా?"

చీపురమ్మ నవ్వింది. ఫోన్ పెట్టేశాక కళ్ళు కూడా తుడుచుకుంది. అప్పుడే ఒక మాట తట్టింది. నిన్నటి కాగితంలో బుల్లి పేరు ఇంకా ఆపి ఉంచినట్టే ఉంది కదా. మళ్ళీ ప్రింటు తీయించి సంతకాలు చేయిస్తే? చేయించాలంటే ఆదివారం పూట పెద్ద డాక్టర్లిద్దరినీ లేపాలి. ఎవరి కోసమమ్మా అంటే ఏం చెప్పాలి? మా చెల్లెలి కోసమని చెప్పాలా? ఆ మాట తలుచుకుంటేనే ఆవిడకు తల కొట్టేసినట్టయింది. మధ్యాహ్నానికి అయిపోయే పనికి ఇంత హడావిడి ఎందుకులే అనుకుని సర్వర్ ఆపేసింది.

సాయంగా ఉన్నది మిషన్లు చూసుకునే గడ్డపాయన ఒక్కడే. పెద్ద గడ్డం, నిదానం మనిషి. కొత్త సర్వర్ అంతకుముందే సిద్ధం చేసి పెట్టాడు. పాతదాన్ని కొత్తదానిలోకి మార్చే పనిముట్టును చీపురమ్మ నడిపింది. అది అలా మొదలై ఇలా ఆగిపోయింది. ఒక పేరు చూపించి, ఆ పేరుతో డేటాబేస్ లేదు, అంది.

"లేకపోవడమేంటి?" అన్నాడు గడ్డపాయన. "మన డేటాబేస్ ఉందిగా, బంగారంలా."

చీపురమ్మ తెర మీదికి వంగి ఆ పేరు మళ్ళీ చదివింది. అది వాళ్ళ డేటాబేస్ పేరు కాదు. సర్వర్ పెట్టినప్పుడు దాంతోపాటే పుట్టే డేటాబేస్ పేరు.

ఇది కాస్త విడమరిచి చెప్పాలి. సర్వర్ పెట్టగానే, మనం ఏమీ అడక్కుండానే అది తనంతట తను ఒకటి రెండు డేటాబేస్‌లు తయారుచేసుకుంటుంది. ఒకటి ఇంటికి ముందుగది లాంటిది. అందులో ఎవరూ ఏమీ పెట్టుకోరు. ఊరికే ఖాళీగా ఉంటుంది. కానీ కొత్తగా వచ్చిన పనిముట్టు ఏదైనా, లోపల ఏ గదులున్నాయో తెలియదు కాబట్టి, ముందు అక్కడికే వస్తుంది. ఇంకొకటి అచ్చు. కొత్త డేటాబేస్ కావాలంటే సర్వర్ దానిమీంచే తీస్తుంది. రెండింట్లోనూ చూడ్డానికి ఏమీ ఉండదు. ఏమీ ఉండదు కాబట్టి, వెనక ఒక తనిఖీ వస్తోందన్నప్పుడు, చీపురమ్మ రెండింటినీ ఊడ్చి అవతల పారేసింది. అప్పుడు ఏమీ కాలేదు. ఆఫీసు ప్రోగ్రాము నేరుగా తన డేటాబేస్ పేరు చెప్పి లోపలికి పోతుంది, దానికి ముందుగదితో పనేంటి? తనిఖీకొచ్చినాయన కూడా, అబ్బ, ఎంత పొందికగా ఉంచారండీ అని మెచ్చుకున్నాడు.

మరి ముందుగా చేసి చూసినప్పుడు ఎందుకు బయటపడలేదు? అది కొత్తగా పెట్టిన సర్వర్ కదా! దాంతోపాటే ఖాళీవి రెండూ పుట్టాయి. ఆవిడ దించింది ఆఫీసు డేటా ఒక్కటే. అసలుదానిలో లేనివి నకలులో ఉన్నాయని ఎవరు చూడొచ్చారు? ఉన్నదాన్ని సరిచూసుకునే అలవాటు అందరికీ ఉంటుంది, లేనిదాన్ని ఎవరు సరిచూస్తారు?

"నేనే తీసేశాను," అంది చీపురమ్మ.

గడ్డపాయన గడ్డం గోక్కున్నాడు. "సరే, తీశారు. ఇప్పుడు కొంపలేం మునిగాయి? పాతదాన్ని మామూలుగా లేపేద్దాం. పది నిమిషాల పని. మార్చేది వచ్చే నెల చూసుకుందాం."

"వచ్చే నెలకెందుకు పోయిందని డైరెక్టరుగారు అడిగితే ఏం రాయమంటారు? డేటాబేస్ చూసుకునే మనిషే డేటాబేస్‌లు తీసి పారేసిందని రాయనా?"

"పోనీ నేను తీశానని రాయండి. ఈ గడ్డం చూసి నన్ను ఎలాగూ ఎవరూ నమ్మరు."

"వద్దు. వాటిని మళ్ళీ చేసి పెట్టడం ఎంతసేపు? ఒకటి రెండు ముక్కలు కొడితే అయిపోతుంది."

అబద్ధం కాదు. నిజంగానే అంతే పని. ఎవరినీ లోపలికి రానివ్వని మూల అచ్చు ఒకటి సర్వర్లో విడిగా ఉంటుంది. దాని జోలికి మాత్రం చీపురు పోలేదు. ఆవిడ పాత సర్వర్‌ను బయటివాళ్ళెవరూ రాకుండా విడిగా లేపి, ఆఫీసు డేటాబేస్‌లోంచే లోపలికి వెళ్ళి, మూల అచ్చు మీంచి అచ్చును తీసింది, అచ్చు మీంచి ముందుగదిని తీసింది. పాత పేర్లే పెట్టింది. చూస్తే రెండూ ఎప్పుడూ ఎక్కడికీ పోనట్టే ఉన్నాయి. ఊపిరి పీల్చుకుని మళ్ళీ పనిముట్టును నడిపింది.

ఈసారి ఇంకో పేచీ. అక్షరాలను ఏ వరసలో పేర్చాలన్న లెక్క పాత సర్వర్లో ఒకలా ఉంది, కొత్తదానిలో ఇంకోలా ఉంది. ఖాళీ డేటాబేస్‌లే అయినా రెండువైపులా ఒకే లెక్క ఉండాలంది. అంటే కొత్త సర్వర్‌ను మళ్ళీ మొదట్నించి పెట్టాలి. గడ్డపాయన నిట్టూర్చి ఆ పనికి కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడు నర్సమ్మ వచ్చింది. ఒకప్పుడు నర్సు, ఇప్పుడు ఆ ఆఫీసులో కబుర్లు అందుకుని కిడ్నీ ఎవరికో తేల్చి పంపే పెద్దావిడ. ఆదివారం డ్యూటీ ఆవిడదే. చేతిలో సంతకాల కాగితం ఉంది.

"అమ్మాయ్, ఎంతసేపట్లో లేస్తుంది నీ మిషను?"

"ఏమైంది నర్సమ్మగారూ?"

"కబురొచ్చింది. పడుచు మనిషి, బండి మీంచి పడ్డాడు. ఇంటివాళ్ళు ఒప్పుకున్నారు. ఒక కిడ్నీ అతనున్న ఆసుపత్రివాళ్ళకే పోతుంది, రెండోది మన వరసకి. ఓ పాజిటివ్."

బుల్లిది కూడా ఓ పాజిటివే. వరసలో బుల్లి ముందుందని బుల్లి డాక్టరే చెప్పాడు. ఇప్పుడు సర్వర్ లేచి ఉంటే ఏ పేరు చూపిస్తుందో తెలుసుకోవడానికి ఏ పేజీ తెరవక్కర్లేదు.

"కాగితంలో మా చెల్లెల్ని ఆపి ఉంచారు," అంది మెల్లిగా. "పొద్దున్నే తీసేశారు. డాక్టరు ఎక్కించాడు. అది కాగితంలో లేదు."

నర్సమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. కోపంగా కాదు, జాలిగానే చూసింది. "నువ్వు అబద్ధమాడవని నాకు తెలుసమ్మా. కానీ నీ నోటి మాట మీద నీ చెల్లెలి పేరు పైకి తెచ్చాననుకో, నా ఉద్యోగం మాట దేవుడెరుగు, రేపట్నించి ఈ ఆఫీసును ఎవడూ నమ్మడు. తెర మీద చూపించు, ఈ క్షణమే ఫోన్ చేస్తాను."

"ఎంతసేపు ఆగగలరు?"

"ఆ అబ్బాయి బీపీ నిలబడ్డం లేదంటున్నారు. నిలబడ్డంతసేపు ఆగుతాను. నాకూ ఆగాలనే ఉంది."

ఆవిడ పక్క గదిలోకి, ఫోన్ దగ్గరికి వెళ్ళిపోయింది.

గడ్డపాయన గొంతు తగ్గించాడు. "మేడం, పాతదాన్ని లేపేద్దాం. ఇప్పుడే. ఎలాగూ సగం లేచే ఉంది. తలుపులు తీస్తే చాలు, నర్సమ్మగారు చూసుకుంటుంది. మార్పు సంగతి తర్వాత."

అంతే చెయ్యాలి. చదివేవాళ్ళకు తెలుసు, చెప్పేవాళ్ళకు తెలుసు, ఆ గదిలో ఉన్న గడ్డపాయనకూ తెలుసు. కానీ మనిషి బుర్ర అలాంటప్పుడు ఎన్ని వేషాలు వేస్తుందో చూడండి. పని సగంలో ఎందుకు ఆపావని డైరెక్టరు అడుగుతాడు. చెల్లెలి కోసం ఆపిందంటారు. ఇన్నేళ్ళూ ఆ పేజీ వైపు కన్నెత్తి చూడకుండా నిలబెట్టుకున్న పేరు కాస్తా పోతుంది. ఆపడానికి అసలు కారణమేంటని తవ్వితే, ఊడ్చేసిన డేటాబేస్‌ల సంగతి బయటికొస్తుంది. అయినా ఆపడమెందుకు? గడ్డపాయన కొత్త సర్వర్ పెట్టడం అయిపోవచ్చింది. నకలు మీద చేసినప్పుడు మార్పు చిటికెలో అయింది. ముందుకెళ్ళినా అంతే సేపు, వెనక్కెళ్ళినా అంతే సేపు. ఆవిడ నిజంగానే అలా అనుకుంది. భయంలో ఉన్న మనిషికి తనకు కావలసిందే నిజంలా కనబడుతుంది, ఏం చేస్తాం?

"ముందుకే పోదాం," అంది.

"మేడం, ఒకసారి మొదలైతే పాతదీ కొత్తదీ ఒకే ఫైళ్ళు పంచుకుంటాయి. మధ్యలో పాతదాన్ని లేపడానికి కుదరదు."

"తెలుసు. మీరు నాకు చెబుతున్నారా?"

ఆవిడ నొక్కింది.

పనిముట్టు ఈసారి ఏ పేచీ పెట్టలేదు. ముందుగది ఉందా అంటే ఉంది. అచ్చు ఉందా అంటే ఉంది. అక్షరాల లెక్క సరిపోయింది. ఒక్కో గడప దాటుకుంటూ లోపలికి పోయింది. పోయి, ఒకచోట నిలబడిపోయింది. ఆగిపోలేదు, నడుస్తోంది. నడుస్తోంది గానీ కదలడం లేదు. ఆ డేటాబేస్‌లో ఏళ్ళ తరబడి స్కాన్ చేసి పెట్టిన రిపోర్టులున్నాయి, లక్షల ముక్కలు. ఒక్కొక్క ముక్కనూ పేరుపేరునా కొత్త సర్వర్‌కు అప్పజెబుతోంది. నకలు చేసినప్పుడు డిస్కులో చోటు చాలక ఆ రిపోర్టులు వదిలేశారు. అందుకే అది చిటికెలో అయింది.

చీపురమ్మ లేచి నిలబడింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. పక్క గదిలో నర్సమ్మ గొంతు వినిపిస్తోంది. "ఇంకొంచెం ఆగండి డాక్టరుగారూ... అవునండీ... తెలుసండీ." కాసేపయ్యాక మళ్ళీ అవే మాటలు, ఇంకొంచెం చిన్న గొంతుతో. ఆ తర్వాత వినిపించలేదు.

నర్సమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఆ అబ్బాయి గుండె ఇక నిలబడదంట. ఇప్పుడు తీసుకోకపోతే కిడ్నీ ఎవరికీ పనికిరాదు. లేచిందా?"

చీపురమ్మ తల అడ్డంగా ఊపింది.

"సరే అమ్మా," అంది నర్సమ్మ. కాగితం మీద వేలు పెట్టి, బుల్లి పేరు దాటించి, కింది పేరుకు ఫోన్ చేసింది. ఒక బస్సు డ్రైవరు. ఫోన్ ఎత్తిన ఆయన భార్య పెట్టిన కేక ఈ గదిలోకి కూడా వినబడింది. సంతోషంతో పెట్టిన కేక. చీపురమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుంది. వాళ్ళ మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఆయనా ఏళ్ళ తరబడి నిలబడ్డవాడే, ఆయనకూ పిల్లలున్నారు.

బస్సు డ్రైవరును ఎదురుగా ఉన్న ఆసుపత్రిలో చేర్చుకుని లోపలికి తీసుకెళ్ళాక సర్వర్ లేచింది. ఒక్క అక్షరం పోలేదు. అన్నీ ఉన్నాయి, అన్నీ సరిగ్గా ఉన్నాయి. మామూలు రోజైతే గడ్డపాయన టీ తెప్పించేవాడు. ఇప్పుడు వైర్లు సర్దుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు.

నర్సమ్మ తన కుర్చీలో కూర్చుంది. కాగితం మీద జరిగినదాన్ని కంప్యూటర్ లేవగానే అందులో ఎక్కించాలి, అది పద్ధతి. వచ్చిన కిడ్నీ, రక్తం గ్రూపు, వచ్చిన సమయం, అన్నీ కొట్టింది. ఎవరికిచ్చారో ఆ తర్వాతి పేజీలో రాయాలి. ఈ పేజీ ముగించందే ఆ పేజీ రాదు. ముగించింది.

కంప్యూటర్‌కేం తెలుసు? కిడ్నీ వచ్చిందని చెప్పారు, అది తన పని తను చేసింది. వరసంతా వెతికి తెర మీద ఒక పేరు చూపించింది. చీపురమ్మ ఎన్నడూ తెరవని పేజీలోని పేరు. నర్సమ్మ "అయ్యో" అని మౌసు మీద చెయ్యి వేసింది గానీ అప్పటికే ఆలస్యమైంది. పేరు దొరికిన మరుక్షణం ఆ మనిషి ఫోన్‌కు మెసేజ్ పోతుంది. వెంటనే ఆసుపత్రికి రండి, ఏమీ తినకండి, నీళ్ళు కూడా తాగకండి అని. మనుషుల చెయ్యి పడకూడదని అలా చేయించింది ఈ ఆఫీసే.

చీపురమ్మ ఫోన్ మోగింది.

"అక్కా!" బుల్లి ఏడుస్తోంది, నవ్వుతోంది. "వచ్చిందే! నాకొచ్చిందే! మెసేజ్ వచ్చింది! బయల్దేరిపోయాం, ఇదిగో కార్లో ఉన్నాం. ఈయనకి చెప్పులు దొరక్కపోతే నా చెప్పులు వేసుకుని వచ్చేశాడే, చూస్తే చచ్చేలా నవ్వుతావు! అక్కా, వింటున్నావా?"

"వింటున్నా. బుల్లీ, ఒక్క నిమిషం..."

"అమ్మకి కూడా చెప్పేశా. ఉంటా, బ్యాగు పట్టుకోవాలి!"

ఫోన్ పెట్టేసింది. చీపురమ్మ మళ్ళీ చేసింది. బుల్లి ఇంకెవరికో చెబుతోందేమో, కలవలేదు.

"నేను వెళ్ళి చెబుతాను," అంది నర్సమ్మ. "పద్ధతి ప్రకారం చెప్పాల్సింది నేనే."

"వద్దండి."

చీపురమ్మ మెట్లు దిగింది, రోడ్డు దాటింది. ఆసుపత్రి గేటు దగ్గర నిలబడింది. గేటు ఊచ పట్టుకుంది. లోపలికీ బయటికీ జనం పోతున్నారు, ఎవరి గొడవ వాళ్ళది. ఏం చెప్పాలో కూడబలుక్కుందామంటే ఒక్క మాట కుదురుగా నిలబడలేదు. కంప్యూటర్ తప్పు అనొచ్చు. మెసేజ్ పొరపాటున పోయిందనొచ్చు. అందరూ నమ్ముతారు, గడ్డపాయన కూడా నోరు విప్పడు. బుల్లి అయితే వెంటనే నమ్మేస్తుంది.

కారు వచ్చింది. ముందు మరిది దిగాడు. కాళ్ళకు నిజంగానే ఆడవాళ్ళ చెప్పులున్నాయి. వెనక తలుపు తీసుకుని బుల్లి తనంతట తనే దిగింది. ఎన్ని నెలలైందో, సాయం లేకుండా దిగి. తల దువ్వుకుంది. మంచి బట్టలు కట్టుకుంది.

"చూశావా, నీళ్ళు కూడా తాగలేదు," అంది బుల్లి. "మామూలప్పుడు తాగొద్దంటే ప్రాణం పోయేది. ఇప్పుడు దాహమే వెయ్యట్లేదు! ఏంటే, అప్పుడే ఏడుపు మొదలెట్టావా? లోపలికెళ్ళేది నేను, ఏడ్చేది నువ్వా?"

"బుల్లీ, లోపలికి వెళ్ళక్కర్లేదు."

"అదేంటి వదినా?" అన్నాడు మరిది.

"కిడ్నీ వచ్చింది. నీకే రావాల్సింది. ఇంకొకాయనకి ఇచ్చేశారు. మెసేజ్ తర్వాత పోయింది."

బుల్లి నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, ఎలా తీసెయ్యాలో తెలియనట్టు. "కంప్యూటర్ తప్పా?" అంది. "పోనీలే, కంప్యూటర్ అయితే నువ్వేం చేస్తావు?"

అక్క కోసం తలుపు తీసి పట్టుకున్నట్టుగా ఆ మాట అంది. దూరిపోతే సరిపోయేది.

"కంప్యూటర్ కాదు," అంది చీపురమ్మ. "నేను. సర్వర్లో ఉండాల్సినవి ఎప్పుడో తీసేశాను. ఖాళీగా ఉన్నాయని తీసేశాను. అందుకే ఇవాళ అది లేవలేదు. నర్సమ్మగారు నీ కోసం ఆగింది. పాతదాన్నే లేపి ఉంటే నీ పేరు కనబడేది. లేపమని చెప్పారు కూడా. నా తప్పు బయటపడుతుందని లేపలేదు. అది తెలిసే చేశాను."

మరిది బ్యాగు కింద పెట్టాడు. ఆయన కళ్ళలోకి చూడ్డానికి చీపురమ్మకు మొహం చెల్లలేదు. ఆవిడ బుల్లి చెయ్యి పట్టుకోబోయింది. బుల్లి చెయ్యి వెనక్కి తీసుకుంది. విసురుగా కాదు. సూదులు పొడిచి పొడిచి వాచిపోయిన చెయ్యి, ఎవరైనా ముట్టుకుంటే ఎప్పుడూ అలాగే వెనక్కి తీసుకుంటుంది. ఇప్పుడు అందుకే తీసుకుందో ఇంకెందుకు తీసుకుందో చీపురమ్మ అడగలేకపోయింది.

"ఆయనకి పెట్టేశారా?" అంది బుల్లి.

"లోపలికి తీసుకెళ్ళారు."

బుల్లి ఆసుపత్రి అద్దాల వైపు కాసేపు చూసింది. తర్వాత అక్క వైపు చూడకుండా మొగుడి వైపు తిరిగింది.

"ఏమండీ, డయాలసిస్ వాళ్ళకి ఫోన్ చెయ్యండి. ఇక మేం రామని, రేపటి మంచం వద్దని చెప్పేశాం కదా. ఇంకెవరికైనా ఇచ్చేశారేమో కనుక్కోండి."